యూజర్ని అడగని స్పెక్

యూజర్ని అడక్కుండా స్పెక్ రాస్తే ఏమవుతుందో మన ఫీల్డులో వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2017లో చట్టం సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకి ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చన్నారు. చదివి నేనూ భేష్ అనుకున్నాను.

మా ఆవిడ మాత్రం ఒకటే అడిగింది. "మియాపూర్ నించి గచ్చిబౌలి దాకా ఆ ట్రాఫిక్కులో ఆర్నెల్ల పిల్లని రోజూ ఎలా తీసుకెళ్ళను?"

నా దగ్గర జవాబు లేదు. మూడు నెలలు లాక్కొచ్చి ఉద్యోగం మానేసింది.

క్రెష్ ఆఫీసు దగ్గర కాదు, ఇంటి దగ్గరుండాలని ఏ తల్లిని అడిగినా చెప్పేది కదా! రిక్వైర్‌మెంట్ దశలోనే దొరకాల్సిన బగ్గు. ఇప్పుడది మా ఆవిడ రెజ్యూమేలో మూడేళ్ళ గ్యాప్‌గా కూర్చుంది.