కుచ్ నై హోతా

2016 మార్చి నెల. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మా ఆపా ఇల్లు. ఇషా నమాజ్ అయ్యాక దస్తర్‌ఖాన్ పరిచారు. ఖట్టీ దాల్, తలా హువా గోష్త్, ఇక్కడినుంచి నేను మోసుకెళ్లిన ఆమ్ కా అచార్. వరంగల్ నుంచి, కరీంనగర్ నుంచి పోయి అక్కడ సెటిలైన మూడు నాలుగు కుటుంబాలు దావత్‌కి వచ్చాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఒక నర్సు, ఒక గ్యాస్ స్టేషన్ ఓనరు. టీవీలో డాలస్ కౌబాయ్స్ టీం యజమాని జెర్రీ జోన్స్ మాట్లాడుతున్నాడు. మా దూల్హాభాయి ముద్ద చేతిలోనే పెట్టుకుని సౌండ్ పెంచాడు.

అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. వంద కిలోలు దాటిన మనుషులు హెల్మెట్లు పెట్టుకుని ఎదురొచ్చి గుద్దుతారు. ఆ గుద్దుడు ఆటలో పొరపాటున జరిగేది కాదు, అదే ఆట. సరిగ్గా ఆ గుద్దుడు గురించే ఆ రోజుల్లో అమెరికాలో బహస్ నడుస్తోంది.

ఫిబ్రవరిలో ఎన్‌ఎఫ్‌ఎల్ కమిషనర్ రోజర్ గుడెల్‌ని విలేకరులు అడిగారు, పిల్లలు ఈ ఆట ఆడితే ప్రమాదం కాదా అని. నాకు కొడుకుంటే ఆడమనే అంటాను, జీవితమంటేనే రిస్క్, సోఫాలో కూర్చోవడంలోనూ రిస్క్ ఉంది అన్నాడాయన. మార్చి 14న అదే సంస్థలో ఆరోగ్య భద్రత చూసే జెఫ్ మిల్లర్ వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల ముందు కూర్చుని, ఈ ఆటకీ సీటీఈ అనే మెదడు జబ్బుకీ సంబంధం ఉందని ఒప్పుకున్నాడు. ఏళ్ల తరబడి దాటేసిన సవాల్‌కి అంత పెద్ద హోదాలో ఉన్నవాడు అవునని జవాబు చెప్పడం అదే మొదలు. ఒక వారం గడిచిందో లేదో ఫ్లోరిడాలో ఓనర్ల సమావేశం. అక్కడ జెర్రీ జోన్స్, అలాంటి సంబంధం రుజువైందని చెప్పడం అర్థం లేని మాట అన్నాడు. మేం చూస్తున్న వార్త అదే.

"సహీ బోలా. రుజువేదీ?" అన్నాడు దూల్హాభాయి.

గ్యాస్ స్టేషన్ భాయికి కోపమొచ్చింది. "1989లో 14 కోట్ల డాలర్లకి కొన్న టీం, ఇవాళ దాని ఖీమత్ వందల కోట్లు. ఆయన ఇంకేం అంటాడు మియాఁ?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు, "కోట్లు తీసుకుంటున్నారు కదా, ఎవరైనా జబర్దస్తీ చేశారా?" అన్నాడు. ఇంకొకాయన, "జోన్స్ తనూ కాలేజీలో ఆడినవాడే, అర్కన్సాస్ టీంలో. ఆయనకేమైంది?" అన్నాడు. పక్కింటి అమెరికన్ పెద్దాయన ఖుబానీ కా మీఠా కోసం వచ్చి కూర్చున్నాడు. హైస్కూల్లో ఆడినవాడట, మోకాలు వంగదు. మళ్లీ పుట్టినా ఆడతానన్నాడు. నర్సు మాత్రం ఏమీ అనలేదు. ప్లేట్లు తీస్తూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేనూ ఏమీ అనలేదు. నాకు కారణం వేరే ఉంది.

ఆ రాత్రి ఆపా నన్ను వంటింట్లో ఆపింది. ఫ్రిజ్ మీద మాగ్నెట్‌తో అంటించిన కాగితం చూపించింది. బడి నుంచి వచ్చిన ఫారం. టెక్సాస్‌లో ఏడో తరగతి నుంచే బడి టీంలో ఫుట్‌బాల్ ఆడొచ్చు. మా భాంజా అయాన్‌కి పన్నెండేళ్లు. తల్లో తండ్రో దస్తఖత్ చేయాలి. దూల్హాభాయి రెడీ. ఆపా నెల రోజులుగా ఆ కాగితాన్ని చూస్తూ తిరుగుతోంది.

"నువ్వు చెప్పు వాడికి. నీ మాట వింటాడు" అంది.

"నేనేం చెప్పను?"

"ఛోటూ సంగతి చెప్పు" అంది. ఆ తరువాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

అయాన్ గదిలో గోడ మీద ఒకే ఒక్క పోస్టర్. కాన్సాస్ సిటీ టీంలో ఆడే హుస్సేన్ అబ్దుల్లా ఎర్ర జెర్సీలో, హెల్మెట్‌తోనే, గడ్డి మీద సజ్దాలో ఉన్నాడు. 2014లో బంతి పట్టుకుని టచ్‌డౌన్ చేసి శుక్రానా సజ్దా చేస్తే రిఫరీ పెనాల్టీ వేశాడు. మర్నాడు ఎన్‌ఎఫ్‌ఎల్, ఆ పెనాల్టీ తప్పని ఒప్పుకుంది. ఈ హుస్సేనే 2012లో తన అన్న హంజాతో కలిసి ఆ సీజన్ మొత్తం ఆట వదిలి హజ్‌కి వెళ్లొచ్చాడు. మా పిల్లవాడికి ఇంతకంటే హీరో ఎవరుంటారు?

ఇంకో సంగతీ ఉంది. అంతకు ఆరు నెలల ముందే, అదే ఇర్వింగ్‌లో, ఇంట్లో తయారు చేసిన గడియారాన్ని బడికి తీసుకెళ్లిన పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లవాడి చేతులకి బేడీలు వేశారు. బాంబు అనుకున్నారట. కేసు నిలబడలేదు గానీ ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. అయాన్ అప్పటినుంచి బడిలో తన పేరు గట్టిగా చెప్పడం లేదని ఆపా అంది. శుక్రవారం రాత్రి ఊరంతా స్టేడియంకి వచ్చే టెక్సాస్‌లో, ఆ జెర్సీ వేసుకుంటే వాడు ఎవరో ఎవరూ అడగరు. వాడికి కావలసింది ఆట ఒక్కటే కాదు. ఆ సంగతి తెలిసి కాదనడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

ఇక ఛోటూ సంగతి. ఎన్నో ఏళ్లు విలేకరిగా ఎవరెవరి తక్లీఫులో రాశాను, ఇది మాత్రం రాయలేదు.

1989. నేను తొమ్మిదో తరగతి, తమ్ముడు ఛోటూ ఏడు. మాది ఉర్దూ మీడియం బడి. పైకప్పు కారేది, లైబ్రరీ లేదు, కానీ ఫుట్‌బాల్ ఉండేది. మా పీటీ సార్‌కి హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే ఇబాదత్‌తో సమానం. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కథలు చెప్పేవాడు. రహీం సాబ్ కూడా మొదట టీచరే. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే 1956 ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం. సార్ ఎప్పుడూ చెప్పే కథ ఆ జకార్తాదే. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడితే, రహీం సాబ్ అతన్ని ముందుకి పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద గోల్ కూడా కొట్టాడు జర్నైల్. 2-1తో గెలిచాం. "కుట్లున్న తలతో, బేటా!" అంటూ సార్ తన తల మీద తట్టుకునేవాడు. మాకు రోమాలు నిక్కబొడుచుకునేవి.

పక్క బడితో మ్యాచ్. కార్నర్ కిక్‌కి ఛోటూ ఎగిరాడు, అవతలి పిల్లవాడూ ఎగిరాడు. రెండు తలలు గుద్దుకున్నాయి. ఆ చప్పుడు గ్రౌండ్ బయట నిలబడ్డ నాకు వినిపించింది. ఛోటూ పడిపోయాడు. కాసేపు కదల్లేదు. సార్ మొహం మీద నీళ్లు కొట్టి, "జర్నైల్‌ని యాద్ చేసుకో" అన్నాడు. మా వైపు పిల్లలందరం అరవడం మొదలుపెట్టాం, "ఉఠ్ జా! ఉఠ్ జా!" అని. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. నా తమ్ముడు పడిపోయాడని కాదు, మా బడి ఓడిపోతుందని.

లేచాడు. చప్పట్లు కొట్టాం. మిగతా ఆటంతా ఆడాడు. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అబ్బా నుదురు పట్టుకు చూసి, "కుచ్ నై హోతా, మర్ద్ బచ్చా హై" అన్నాడు. అమ్మీ పసుపు పాలు ఇచ్చింది. మూడు నాలుగు నెలలకి మొదటి ఫిట్స్. పదో తరగతి దాటలేదు. ముప్పై ఏళ్లు దాటింది, రాత్రి గోలీ వేసుకోకుండా నిద్రపోడు. బండి నడపడు. ఊళ్లో ఒక గాజుల దుకాణంలో కూర్చుంటాడు.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు అప్పుడు అబ్బాతో నిజాయితీగానే చెప్పాడు, ఆ దెబ్బ వల్ల కావచ్చు, కాకపోవచ్చు, ఖచ్చితంగా చెప్పలేనని. అబ్బా ఆ "కాకపోవచ్చు"ని పట్టుకున్నాడు. చచ్చిపోయేదాకా వదల్లేదు. ఆయన్ని తప్పు పట్టలేను, నేనూ దాన్నే పట్టుకున్నాను. నేను అరవకపోయినా వాడు లేచేవాడేమో, లేవకపోయినా ఫిట్స్ వచ్చేవేమో. రుజువేదీ?

అందుకే జెర్రీ జోన్స్ మాట విన్నప్పుడు నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. గుడెల్ సోఫా మాట మా అబ్బా "కుచ్ నై హోతా"కి ఇంగ్లీషు తర్జుమాలా అనిపించింది. ఒక్కటే ఫరక్. మా అబ్బా ఆ మాట భయంతో అన్నాడు, ఆయనకి లాభమేమీ లేదు. వీళ్లు వ్యాపారం నడుపుతూ అన్నారు, చేతిలో ఫైళ్లు పెట్టుకుని అన్నారు.

ఆ రాత్రి నిద్రపట్టక చదువుతూ కూర్చున్నాను. పిట్స్‌బర్గ్ టీంలో ఆడిన మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభై ఏళ్లకే చనిపోతే, నైజీరియా నుంచి వచ్చిన డాక్టర్ బెన్నెట్ ఒమలు అతని మెదడులో ఈ జబ్బుని గుర్తించి 2005లో వ్యాసం రాశాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ తరఫు డాక్టర్లు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోమన్నారు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపల మెదడు ఊగకుండా ఆపలేదు. ఒక పెద్ద దెబ్బే కాదు, స్పృహ తప్పని చిన్న దెబ్బలు వందలకొద్దీ పేరుకుంటాయి. పైగా ఈ జబ్బు ఖాయం చేయాలంటే మనిషి చనిపోయాక మెదడు కోసి చూడాల్సిందే. 2011లో డేవ్ డ్యూర్సన్ అనే ఆటగాడు తన మెదడుని పరిశోధనకివ్వమని రాసి, తలకి కాకుండా ఛాతీకి గురిపెట్టి కాల్చుకున్నాడు. రుజువేదీ అని అడిగేవాళ్లకి అతనిచ్చిన జవాబు అది. 2017లో బోస్టన్ పరిశోధకులు 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లు చూస్తే 110 మందిలో ఈ జబ్బు కనబడింది. అనుమానమున్న కుటుంబాలే ఎక్కువగా ఇచ్చి ఉంటాయి కాబట్టి ఆడిన ప్రతివాడికీ ఇలాగే అవుతుందని కాదు. ఆ మాట పరిశోధకులే చెప్పారు. కానీ కుచ్ నై హోతా అని మాత్రం ఇక ఎవరూ అనలేరు.

చూసేవాళ్ల సంగతీ చదివాను. 2012 అక్టోబర్‌లో కాన్సాస్ సిటీలో సొంత టీం క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ క్యాసెల్ దెబ్బ తిని పడిపోతే, సరిగ్గా ఆడటం లేదన్న కోపంతో ఉన్న అభిమానుల్లో కొందరు సంతోషంతో కేకలు పెట్టారు. సహచరుడు ఎరిక్ విన్‌స్టన్ మ్యాచ్ అయ్యాక విలేకరులందర్నీ ఆపి, ఇది రోమన్ల మైదానం కాదు, మేం గ్లాడియేటర్లం కాదు అన్నాడు. ఉర్దూలో తమాష్‌బీన్ అని ఒక మాట ఉంది. తమాషా చూసేవాడు. చూడటమే కదా, దానికి జిమ్మేదారీ ఏముంటుంది అనుకుంటాం. ఓనరు ఆ మాట అనగలిగింది, వినడానికి ఇష్టపడే దూల్హాభాయిలు ఇంటింటికీ ఉన్నారు గనక. వాళ్ల పక్కన నోరు మూసుకుని కూర్చునే నాలాంటివాళ్లూ ఉన్నారు గనక.

మర్నాడు ఫజర్ తరువాత అయాన్‌ని పార్కుకి తీసుకెళ్లి చెప్పాను. ఆడొద్దని చెప్పలేదు. ఛోటూ మామూకి ఏమైందో చెప్పాను, నేనేమని అరిచానో చెప్పాను. వాడు చాలాసేపు బూటుతో గడ్డి గీకుతూ నిలబడ్డాడు. "మరి ఆయనకి నీ మీద కోపం లేదా మామూ?" అన్నాడు. అడగలేదన్నాను.

అదే నెల చివర్లో హుస్సేన్ అబ్దుల్లా ఆట నుంచి తప్పుకున్నాడు. ముప్పై ఏళ్లే. తలకి తగిలిన దెబ్బలు కూడా కారణమని తనే చెప్పాడు. అయాన్ ఆ రోజు అన్నం తినలేదు. పోస్టర్ మాత్రం తీయలేదు. ఫారం మీద ఎవరూ దస్తఖత్ చేయలేదు. దూల్హాభాయి నాతో రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. ఆ ఏడాది వాడు సాకర్‌లో చేరాడు. దాంట్లోనూ పదేళ్ల లోపు పిల్లలు బంతిని తలతో కొట్టకూడదని అమెరికా సాకర్ సంఘం అప్పటికే రూలు పెట్టింది. మా జర్నైల్ కథ అక్కడ చెల్లదు.

ఇండియాకి తిరిగొచ్చాక ఛోటూ దుకాణంలో కూర్చుని ఆ రోజు సంగతి ఎత్తాను. నా అరుపు వాడికి గుర్తే లేదు. దెబ్బ తగలడం, తరువాత ఇంట్లో పాల వాసన, అంతే గుర్తట. "ఎందుకు భాయీ, ఇన్నేళ్లు మోస్తున్నావ్" అని గాజుల పెట్టె తీసి సర్దుకోసాగాడు. మాఫీ అడగాలని వెళ్లినవాణ్ని చాయ్ తాగి వచ్చేశాను.

2023 జనవరిలో బఫెలో టీం కుర్రాడు డమార్ హామ్లిన్ గ్రౌండ్‌లో గుండె ఆగి పడిపోయాడు. లేచి నిలబడి, మళ్లీ కూలాడు. సహచరులు చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చారు. స్టేడియమంతా నిశ్శబ్దం. ఆట ఆపేశారు, మళ్లీ ఆడించలేదు. పిల్లల బొమ్మల కోసం అతను ఎప్పుడో 2,500 డాలర్లు అడిగితే, అభిమానులు రోజుల్లోనే లక్షల డాలర్లు కుమ్మరించారు. దూల్హాభాయి ఫోన్ చేసి, దువా చెయ్యి అన్నాడు. గొంతు వణుకుతోంది. అదే మనిషి, అదే సోఫా.

ఆ రోజు ఛోటూకి కూడా చెప్పాను. కాసేపు ఆగి, "ఆట ఆపేశారా?" అని అడిగాడు.

"ఆపేశారు" అన్నాను.

"అచ్ఛా కియే" అన్నాడు.