బొర్రా రాతిలో గంధకం, గెడ్డలో నీరు

అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న బొర్రా పరిసరాలు గుహల వల్లనే ప్రసిద్ధికెక్కినా, రాగి, సీసం, జింక్ గంధకంతో కలిసి ఏర్పడే సల్ఫైడు ఖనిజాల స్వభావాన్నీ, అవి గాలికీ నీటికీ తగిలినప్పుడు కలిగే మార్పులనూ తెలుసుకోదలచిన వారు తప్పక తిరిగి చూడవలసిన ప్రదేశమిది. ఈ కొండల్లో ఆ మూడు లోహాల గనులు లేవు. అయితే సల్ఫైడుల నుంచి పుట్టే ఆమ్లాన్ని అడ్డుకోలేని రాయి, దాన్ని విరిచివేయగల రాయి ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. సల్ఫైడుల వల్ల నీటికి కలిగే కీడు ఎంత అన్నది చాలావరకు ఈ రెండు రాళ్ల మీదనే ఆధారపడుతుంది.

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం సొరంగాల గుండా పైకి ఎక్కుతున్నంత దూరం, తొలిచిన కొండగోడల్లో ముందుగా కనిపించేది ఖోండలైటు. ఒకనాటి బంకమట్టి, ఇసుక నిక్షేపాలు సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనై మారిన రాయి ఇది. స్ఫటికం, ఫెల్డ్‌స్పార్, ఎర్రని గార్నెట్, సూదుల్లాంటి సిల్లిమనైటు దీనిలోని ముఖ్య ఖనిజాలు. ఆ గార్నెట్‌లోని ఇనుము వానకు తడిసి, ఎండకు ఎండి తుప్పు పట్టడం వల్లనే అనంతగిరి వాలులన్నీ ఎర్రగా ఉంటాయి. సల్ఫైడు నిక్షేపాల మీద కూడా ఇటువంటి తుప్పు పొరే ఏర్పడుతుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దానిని గాసన్ అంటారు, లోహాల అన్వేషణలో తొలి ఆనవాలుగా భావిస్తారు. పైపైన చూసేవారికి లాటరైటు ఎర్రమట్టి, గాసన్ ఒకటే అనిపిస్తాయి గనుక, కొండ ఎర్రగా ఉన్నంత మాత్రాన దాని కింద రాగి ఉన్నదని చెప్పేవారి మాట నమ్మదగినది కాదు.

బొర్రా చేరేసరికి రాయి మారుతుంది. ఖోండలైటు నడుమ పాలరాతి, కాల్క్‌గ్రాన్యులైటు పట్టీలు వస్తాయి. అంటే ఒకనాటి సున్నపురాయి అదే వేడిలో మారి, కాల్సైటు పెద్ద పెద్ద స్ఫటికాలుగా పెరిగి, దాని పక్కన ఆకుపచ్చని డయోప్‌సైడ్, గోధుమరంగు అభ్రకం చేరిన రాళ్లు. పాత కాల్సైటు తవ్వకాల గుంతల దగ్గర పడి ఉన్న ముక్కను సుత్తితో కొడితే, అది మూడు దిక్కులా నున్నని పలకలుగా విడిపోతుంది. పలుచని ఆమ్లం ఒక చుక్క వేస్తే వెంటనే నురగలు కక్కుతుంది. ఆకుపచ్చ రాయిని అలాగే విరిచి వెలుతురుకు పట్టి చూసినప్పుడు, ఆవగింజ కంటే చిన్నవిగా, ఇత్తడి రంగులో మెరిసే రేణువులు ఒకటి రెండు కనిపించాయి. అవి ఇనుప సల్ఫైడులు. అంతకుముందే విరిగి వానలకు తడిసిన అంచున వాటి స్థానంలో మెరుపు లేదు, చిన్న గుంట, దాని చుట్టూ తుప్పు మరక మాత్రమే ఉన్నాయి. ఆ మరక వేలి గోరంత వెడల్పు కూడా లేదు, దాని చుట్టూ కాల్సైటు మాత్రం కాస్త కరిగి గరుకుగా మారి ఉన్నది.

సల్ఫైడులు ప్రకృతిలో ఒంటరిగా ఉండటం అరుదు. సీసపు సల్ఫైడైన గెలీనా నీటికంటే ఏడున్నర రెట్లు బరువైనది, దానిలో 86 శాతానికి మించి సీసమే. జింక్ సల్ఫైడు స్ఫాలరైటు, రాగి, ఇనుము, గంధకం కలిసిన చాల్కోపైరైటు తరచుగా దానికి తోడుగా ఉంటాయి, వీటన్నిటితో పాటు లోహంగా విలువలేని ఇనుప సల్ఫైడు పైరైటు కూడా పుష్కలంగా కలుస్తుంది. గని యజమానికి పనికిరాని ఈ పైరైటే నీటికి ఎక్కువ హాని చేస్తుంది. భూమి లోపల ప్రాణవాయువు అందనంత కాలం అది కదలదు; తవ్వి బయట గుట్టపోసినప్పుడు గాలి, తేమ సోకి గంధకం గంధకామ్లంగా, ఇనుము నారింజరంగు ఒండ్రుగా మారతాయి. నీరు బాగా ఆమ్లయుతమైన తరువాత ఇనుమును ఆక్సీకరించి బతికే సూక్ష్మజీవులు చేరి ఈ చర్యను మరెన్నో రెట్లు వేగవంతం చేస్తాయి. ఆ ఆమ్లం పక్కనున్న గెలీనాను, స్ఫాలరైటును, చాల్కోపైరైటును కూడా కరిగించి, లోహాలను నీటిలోకి దింపుతుంది.

అయితే మూడు లోహాల నడవడి ఒకటి కాదు, వివరంగా తెలుసుకోవలసినది ఇక్కడే ఉన్నది. సీసం సల్ఫేటుగా, కార్బొనేటుగా మారి చాలావరకు అక్కడికక్కడే గట్టిపడుతుంది; అందువల్ల దాని ప్రమాదం నీటిలో కన్నా ధూళిలో, మట్టిలో, ఆ మట్టిలో ఆడుకునే పిల్లల చేతుల్లో ఎక్కువ. రాగి కొంత దూరం పారి, నీటి ఆమ్లత తగ్గగానే మట్టికి అంటుకుంటుంది, కానీ అతి కొద్ది మోతాదు కూడా చేపలకు విషమే. జింక్ సల్ఫేటు నీటిలో సులువుగా కరుగుతుంది. ఆమ్లత పూర్తిగా విరిగి, నీరు తేటపడిన తరువాత కూడా జింక్, దానితో స్ఫాలరైటు నుంచి వచ్చిన కాడ్మియం చాలా దూరం సాగిపోతాయి. జపాన్‌లో కమియోకా గని నుంచి జింజూ నదిలోకి చేరిన కాడ్మియం వరిపొలాల ద్వారా మనుషుల ఎముకలను గుల్ల చేసిన వ్యాధికి కారణమని ఆ దేశ ప్రభుత్వం 1968లో అంగీకరించింది. తేటగా ఉన్న నీరు మంచినీరేనని నమ్మే అలవాటు ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

ఖోండలైటులో ఆమ్లాన్ని విరిచే శక్తి దాదాపు లేదు. పాలరాయి, డోలమైటు మాత్రం ఆమ్లం తగిలినప్పుడు కరిగి, దానిని నిర్వీర్యం చేసి, సీసాన్నీ రాగినీ తమ దగ్గరే పట్టి ఉంచుతాయి. విరిచిన రాతి అంచున కనిపించిన గోరంత మరక అంతకు మించి పాకకపోవడానికి కారణం చుట్టూ ఉన్న ఆ కాల్సైటే. తెలుగునేలపై సీసం తవ్విన చోట్లలో ఒకటి పల్నాడులోని వినుకొండ సమీపాన ఉన్న అగ్నిగుండాల ప్రాంతం. అక్కడి బండ్లమోటు సీసపు ఖనిజం కడప బేసిన్ శిలల డోలమైటులో ఏర్పడినది, పక్కనే నల్లకొండ, ధూకొండ రాగి నిక్షేపాలు ఉన్నాయి. ఖనిజానికి ఆతిథ్యమిచ్చిన రాయే ఆమ్లానికి విరుగుడు కావడం ఆ ప్రాంతపు అదృష్టం. ఇక సల్ఫైడును లోహంగా మార్చే పని విశాఖపట్నం మింది వద్ద హిందుస్థాన్ జింక్ కర్మాగారంలో 1977లో మొదలై 2012లో ఆగిపోయింది. జింక్ సల్ఫైడును గాలిలో వేయించినప్పుడు వెలువడే గంధక వాయువును పట్టి గంధకామ్లం చేయడం ఆ పరిశ్రమ పద్ధతి. అంటే కొండ మీద వానకు ఏళ్ల తరబడి జరిగే మార్పునే కొలిమి కొద్ది గంటల్లో చేస్తుంది. కొలిమి దగ్గర ఆ ఆమ్లాన్ని సీలు వేసిన తొట్టిలో పట్టవచ్చు, కొండ దగ్గర పట్టడానికి తొట్టి ఉండదు.

బొర్రా గుహలను తొలిచిన గోస్తనీ నది ఈ పాలరాతి గుండానే సాగి, దిగువన విజయనగరం జిల్లాలోని తాటిపూడి జలాశయానికి చేరి, విశాఖ నగరానికి తాగునీరై, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. గుహలో లోతుగా నడిస్తే నారింజ, పసుపు రంగుల్లో మందపాటి సూక్ష్మజీవుల పొరలు గోడలకు పట్టి కనిపిస్తాయి. వాటి రంగు చూసి సల్ఫైడు ఉన్నదని తీర్మానించడం తొందరపాటే అయినా, కంటికి కనిపించని జీవులు రాతిలోని ఖనిజాలతో ఎంతగా పెనవేసుకొని బతుకుతాయో వాటిని చూస్తే అర్థమవుతుంది. గుహ పైన కొండ వాలుల్లో కొండదొర, నూకదొర, కోదు కుటుంబాలు మెట్టు మడుల్లో వరి, పై చెక్కల్లో చోళ్లు, వలిసెలు, నీడ చెట్ల కింద కాఫీ, మిరియాలు పండిస్తున్నాయి. వీటికీ, ఇంటి అవసరాలకూ ఆధారం ఊటలు, వాటి నుంచి దిగే గెడ్డలు. రాతి పొరల్లో ఇంకిన వాన నీరే ఆ ఊటల్లోకి వస్తుంది గనుక, రాతిని కదిల్చినప్పుడు మొదట మారేది ఆ నీరే.

అందుకే ఈ కొండల్లోని పాలరాతిని, కాల్సైటును కేవలం అమ్ముడుపోయే సరుకుగా లెక్కించడం సరికాదు. నీటి ఆమ్లతను అదుపులో ఉంచే పొర అదే. ఆ పొరను తవ్వి తరలించే లీజుల మీద ఈ గ్రామాల వాళ్లే పోరాడారు. సమతా సంస్థ వేసిన వ్యాజ్యంలో 1997 జులై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం ఇవ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. గిరిజన సహకార సంఘాలు, ప్రభుత్వ సంస్థలు తవ్వవచ్చని, నికర లాభంలో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి కేటాయించాలని సూచించింది. ఎవరు తవ్వాలన్న ప్రశ్నకు ఆ తీర్పు సమాధానమిచ్చింది. తవ్విన తరువాత నీరు ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం తవ్వేది సహకార సంఘమైనా, ప్రభుత్వ సంస్థ అయినా సమాధానం చెప్పవలసిందే.

కనుక ఈ కొండల్లో ఏ ఖనిజం కోసమైనా బోరు దించడానికి ముందే, ఆ వాలు కింద ఉన్న ప్రతి ఊటలో, గెడ్డలో నీటిని రెండుసార్లు పరీక్షించి ఆ వివరాలను గ్రామసభ ముందు చదివి వినిపించాలి. ఒకటి ఎండాకాలం చివర, రెండవది జూన్ తొలి వానల్లో జరగాలి. వేసవిలో రాతిపై పేరుకున్న సల్ఫేటు లవణాలన్నీ తొలి వానకే కరిగి దిగుతాయి కాబట్టి ఆ ఒక్క వారం నీరే అసలు సంగతి చెబుతుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003 మిల్లీగ్రాము దాటకూడదు; పీహెచ్, అంటే ఆమ్లతను తెలిపే కొలత, 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఈ పరీక్షలు జిల్లా ప్రయోగశాలల్లో చేయించదగినవే. జిల్లా యంత్రాంగం వీటిని రాబోయే తొలి వానలకే మొదలుపెట్టాలి, ఫలితాలను తెలుగులో ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద అతికించాలి.