నాన్నకి పేరు చెప్పని రొయ్య

నా ట్యాంకులో ఉన్న రొయ్యల అసలు పేరు మా నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు. షాపులో వాటిని ‘సెక్సీ ష్రింప్’ అంటారు. ఎప్పుడూ తోక పైకెత్తి అటూ ఇటూ ఊపుతుంటాయి, అందుకని ఆ పేరు. భీమవరం దగ్గర ముందు టైగర్, తర్వాత వనామీ, ఇరవై ఏళ్లు చెరువు చేసిన మనిషితో ఆ మాట ఎలా అనను? ‘డాన్స్ రొయ్య నాన్నా’ అని సర్దేశా.

మొదటిసారి వీడియో కాల్‌లో చూపిస్తే, “కౌంట్ ఎంతరా?” అన్నారు. కేజీకి ఎన్ని తూగుతాయని! అంగుళం పొడవు ఉంటే గొప్ప. ఒక్కోటి ఆరొందలు అన్నాక ఫోన్ అమ్మకి ఇచ్చేశారు.

ఆయన బాధ ఆయనది. రెండేళ్ల కిందట వైట్ స్పాట్ వైరస్‌కి పంటంతా పోయింది. ఏరియేటర్లు అమ్మేసి, చెరువు లీజుకిచ్చేశారు. అప్పట్నుంచీ ఇంట్లో రొయ్య ఊసెత్తం. నా బీటెక్ ఫీజులు కట్టింది ఆ చెరువే. నేనేమో హైదరాబాద్ అద్దె ఫ్లాట్‌లో ఆర్వో నీళ్లకి ఉప్పు కలుపుతూ, 35 పీపీటీ వచ్చిందా లేదా అని రిఫ్రాక్టోమీటర్‌లో కన్ను పెట్టి చూసుకుంటున్నా. అచ్చం గట్టు మీద నాన్న చూసినట్టే.

ఒకసారి చేపకి తెల్ల మచ్చలొచ్చాయి. ఇది వేరే జబ్బు, వైరస్ కాదు, పరాన్నజీవి. సీసా మీద ఏముందో చదవకుండా మందు పోసేశా. అందులో కాపర్ ఉంది. చేప బతికింది. రొయ్యలకి కాపర్ విషం. తెల్లారేసరికి రెండూ పోయాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నీళ్లు మార్చి మార్చి, నెలల తర్వాత మళ్లీ మూడు తెచ్చా. వారానికే ఒకటి వెల్లకిలా, పాలిపోయి కనపడింది. ఈసారి ఆగలేక నాన్నకే ఫోన్ చేశా.

“ఏడవకు. చేత్తో తీసి చూడు. లోపల కండ ఉందా?”

లేదు. కాగితంలా ఉంది.

“అయితే గుల్ల విడిచిందిరా. అది ఏ రాయి కిందో నక్కి ఉంటుంది. ఒళ్లు మెత్తగా ఉంటుంది, రెండ్రోజులు కెలక్కు.”

మూడో రోజు అది ఎనిమోన్ మీదకొచ్చి తోక ఊపింది. వీడియో పంపా. ఆయన ఏమీ అనలేదు గానీ, బ్లూ టిక్స్ పడ్డాక అమ్మ ఫోన్ నుంచి కూడా చూశారట.

ఇప్పుడు ఆయనే చేస్తున్నారు. మొన్న రాత్రి పదకొండింటికి: “రేపు అమావాస్య. గుల్ల విడుస్తాయి, చూసుకో.”

మూడింటి దాకా మేలుకుని చూశా. ఒక్కటీ విడవలేదు. పొద్దున్న ఫోన్ చేసి రెండు విడిచాయని చెప్పా.