వరద నష్టంలో రాయని చేపలు

గోదారి వరద అనగానే టీవీల్లో ధవళేశ్వరం లెక్కలు మొదలవుతాయి. 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. మా పేటలో ఇంకో లెక్క ఉండేది. ఈసారి నీళ్లతో ఏం చేపలొచ్చాయి?

పేట ఎక్కడుంటుందో మీకు చెప్పక్కర్లేదు. మెరక ఊరిది, పల్లం మాది. మురుగుకాలవ పొంగితే ముందు మునిగేవి మా ఇళ్లే. ఆ నీళ్లలోనే కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయిలు, పరిగెలు వచ్చేవి. నీరు తీశాక మా అమ్మా వాళ్లూ గుంటల్లో చేత్తో పట్టేవారు. తిన్నన్ని తిని మిగతావి ఎండబెట్టేవారు. కూలి దొరకని రోజుల్లో అవే కూర. అలాగని వరద మాకు పండగని ఎవరూ అనుకోకండి. గోడలు కూలేవి, పిల్లలకి విరేచనాలు పట్టుకునేవి.

చేపకి మాత్రం వరదే పురుడు. బొచ్చె, శీలావతి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలం ఎర్రనీరు రావాలి, ప్రవాహం ఉండాలి, ఒడ్డు దాటి పల్చగా పరుచుకోవాలి. అందుకే చెరువుల్లో పెంచేవాటికి సూదిమందు వేసి గుడ్లు పెట్టిస్తారు. 1957లో ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి, అలీకున్హి చేసి చూపించింది అదే. నది ఉచితంగా చేసే పని అది. కొర్రమీను సంగతి వేరే. మునిగిన గడ్డిలో పిల్లల్ని పెట్టి, తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి.

ఇప్పుడు గట్లు ఎత్తు చేశారు. మంచిదే, ప్రాణాలు దక్కాయి. కానీ ఏటికీ పల్లానికీ మధ్య చేప తిరిగే దారి మూసుకుపోయింది. పైన ఆనకట్టల దగ్గర తొలకరి నీళ్లని ఆపుకుంటారు, నిండాక ఒక్కసారి వదులుతారు, మళ్లీ గేట్లు దించేస్తారు. ఒడ్డు గడ్డిలో పెట్టిన గుడ్లు ఎండలో మిగులుతాయి. నీరు మొత్తంగా తగ్గకపోవచ్చు. వచ్చే వేళ, ఉండే రోజులు మారితే చాలు, చేప పిల్ల బతకదు.

పులస గురించి మాత్రం అందరూ బెంగ పెట్టుకుంటారు. సముద్రంలో విలస, గోదారెక్కితే పులస. ఎదురీది వచ్చే ఆ చేపకి 1852 నాటి ఆనకట్ట నుంచీ అడ్డం ఉంది. పోలవరం స్పిల్‌వేలో చేపల కోసం మెట్లదారి కట్టారు. కట్టాల్సిందే. అయితే వేలల్లో ధర పలికే చేప కష్టం వార్త అవుతుంది, మా పరిగె ఎవరికీ గుర్తు రాదు.

వరద తగ్గాక నష్టం రాసుకోడానికి వస్తారు. ఎకరాలు అడుగుతారు. ఇల్లు పూర్తిగా పడిందా, సగమా అని అడుగుతారు. చేపల చెరువులున్న ఆసామి టన్నుల్లో చెప్తాడు. భూమి లేనోళ్లు కాలవలో పట్టుకు తినేది పోయిందని రాయడానికి ఆ కాగితంలో చోటే లేదు.

ఈ సెలవుల్లో ఊళ్లకి వెళ్లే విద్యార్థులకి ఒక పని చెప్తాను. మీ పేటల్లో పెద్దోళ్ల దగ్గర కూర్చోండి. ఏ చేప ఏ నెలలో ఎక్కడ దొరికేదో, ఎప్పుడు ఆగిపోయిందో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. నాకు పంపండి. వచ్చే భాగంలో ఊరి చెరువు వేలంపాటల గురించి రాస్తాను, దానికి ఇవి కావాలి.