కేకేసి మరీ... బీరు!

ఇడ్లీపిండి ఎంతసేపు పులియాలో గడియారం చెప్పదు. ఎండాకాలం ఒక లెక్క, చలికాలం మరో లెక్క. మూత తీసి, పొంగు చూసి, వాసన పట్టి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పాల్సిందే. నార్వేలోని వోస్ ప్రాంత రైతులూ అంతే. కాకపోతే వాళ్లు చూసేది బీరు పొంగు!

బెర్గెన్‌లో ఓస్లో వెళ్లే రైలెక్కితే గంటకు కాస్త పైగా ప్రయాణం. చుట్టూ కొండలు, మధ్యలో వాంగ్స్‌వాట్నెట్ సరస్సు, ఒడ్డునే ఊరు. పర్యాటకులు ఎక్కువగా మంచులో స్కీయింగ్ కోసం వస్తారు. చుట్టుపక్కల పొలాల్లోని ఇళ్లలో మాత్రం క్రిస్మస్‌కి బీరు కాచడం తరాల ఆచారం. ఆచారమేం ఖర్మ, ఒకప్పుడు చట్టమే! పశ్చిమ నార్వేలో అమలైన మధ్యయుగాల నాటి గులాటింగ్ చట్టం ప్రకారం పండక్కి బీరు కాయని రైతుకు జరిమానా. వరుసగా మూడేళ్లు ఎగ్గొడితే ఆస్తే పోయేది.

కాచడానికి పొద్దుటి నుంచి రాత్రి దాకా పడుతుంది. జునిపర్ కొమ్మలు వేసి మరిగించిన నీళ్లలో బార్లీ మాల్ట్ నానబెడతారు. వడకట్టిన తియ్యటి రసాన్ని గంటల తరబడి మరిగిస్తే రంగు ఎర్రబడి చిక్కబడుతుంది. తర్వాత అసలు ఘట్టం. రసాన్ని 40 డిగ్రీల దగ్గరికి చల్లార్చి 'క్వైక్' కలుపుతారు. మామూలు బీరు ఈస్ట్‌ని అంత వేడిలో వేస్తే రుచి చెడుతుంది. క్వైక్‌కి ఆ వేడే ఇష్టం. అది కలిపేటప్పుడు గట్టిగా కేక వేయడం పాత సంప్రదాయం. కేక ఎంత గట్టిగా ఉంటే బీరు అంత ఘాటట!

క్వైక్ అంటే మన పెరుగు తోడులాంటిదే. పాత బీరులోంచి తీసి, చెక్కతో చేసిన రింగు మీదో, గుడ్డ మీదో ఆరబెట్టి దాచుకునేవారు. పాడైతే పక్కింటికి వెళ్లి తెచ్చుకోవడమే.

మరి ఎంతసేపు పులియాలి? ఇక్కడ రెండు రోజుల్లోపే పని దాదాపు అయిపోతుంది. మామూలు ఇంటి బీరుకు ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదట నురగ పొంగుతుంది, తర్వాత కిందికి దిగుతుంది, తీపి తగ్గుతుంది. అప్పుడు పీపాలోకి పోసి చల్లటి చోట పెడతారు. లోపల ఇంకాస్త పులిసినా ఫరవాలేదు, పీపాలోంచి గ్యాస్ వదిలేయొచ్చు.

సీసాతోనే చిక్కు. దానికి దయాదాక్షిణ్యాలు ఉండవు. మిగిలిపోయిన చక్కెరను ఈస్ట్ తింటూనే ఉంటుంది, గ్యాస్ పెరుగుతూనే ఉంటుంది, చివరికి సీసా పేలుతుంది. గాజుముక్కలు ఎవరి కళ్లలో పడతాయో! నురగ దిగింది కదా అని బిరడా బిగించడం అందుకే ప్రమాదం. సీసాల్లో నింపేవాళ్లు హైడ్రోమీటరు వాడతారు. మంచినీళ్లలో అది చూపే అంకె 1.000. చక్కెర ఎక్కువుంటే అంకె పెరుగుతుంది. 1.080 దగ్గర మొదలైన రసం దిగుతూ దిగుతూ ఒకచోట ఆగుతుంది. రెండు మూడు రోజుల తేడాతో చూసినా అదే అంకె వస్తేనే పులియడం ఆగినట్టు. అప్పుడు లీటరుకు 5, 6 గ్రాముల చక్కెర కొలిచి కలిపి మూత బిగిస్తే కావలసినంత గ్యాసే పుడుతుంది. వేళ్లతో ఉజ్జాయింపుగా వేసే పని కాదిది.

అన్నట్టు, ఈ క్వైక్ కూడా కొంచెంలో తప్పించుకుంది. దుకాణంలో ఈస్ట్ దొరకడం మొదలయ్యాక నార్వేలో చాలా ఇళ్లలో తాతల నాటి తోడు పోయింది. వోస్‌లో కొందరు వదల్లేదు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం నార్వే క్వైక్‌లు మిగతా బీరు ఈస్ట్‌లకు భిన్నమైన జన్యు వర్గమని తేల్చింది. ఇప్పుడు ప్రపంచమంతటా ప్యాకెట్లలో అమ్ముతున్నారు.

వోస్‌లో మాత్రం బీరు పీపాలోకి మార్చే రోజున ఇరుగుపొరుగు చేరతారు. ఆ కలయికకు 'ఒప్‌స్కోకె' అని పేరు. నిజానికి ఇంకొన్నాళ్లు ఆగితే బీరు మరింత బాగుంటుంది. వచ్చినవాళ్లు ఆగితేగా!