సంగమమునకు ఇసుకదారి

మాఘపూర్ణిమకు ముందునాళ్ళలో విజయవాడనుండి బయలుదేరి, ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి గడచి, మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుని సేవించుకొని, అవనిగడ్డ, కోడూరుల మీదుగా హంసలదీవి చేరితిమి. దారిపొడవున వరి కోసిన మాగాణులలో మినుము పచ్చగా పరచుకొనియుండెను. వేణుగోపాలస్వామి దర్శనానంతరము పాలకాయతిప్పకు పోగా, అచట తారురోడ్డు ముగిసి ఇసుక మొదలయినది.

కృష్ణ సాగరమున కలియు చోటు అచటికి ఇంకను దూరము. యాత్రికులతో నిండిన ట్రాక్టర్లు, జీపులు తీరము వెంబడి పోవుచుండ, మేము కాలినడకను వెడలితిమి. చక్రములు పొరలినచోటనెల్ల రావణాసురుని మీసములనెడు గడ్డి మొదలంట నలిగి, బాలబందతీగలు తెగి ఎండియుండెను. ఇసుకదిబ్బను పట్టి నిలుపునవి ఆ గడ్డియు ఆ తీగయునే. దిబ్బ కరగినచో ఉప్పుగాలికిని పోటునీటికిని అడ్డము లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకొన్న యీ దివిసీమకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

నదీముఖమున మడ అడవులు వ్యాపించియున్నవి. సుమారు 194 చదరపు కిలోమీటర్ల మేర 1989లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. అరుదైన బావురుపిల్లికి అది నెలవు. మడచెట్టు వేళ్ళు బురదలోనుండి పైకి నిక్కి గాలి పీల్చును. వానిపై బండి నడచినచో వేళ్ళు విరుగును, బురద గట్టిపడును, పోటునీరు వచ్చిపోవు దారి మారును, పిమ్మట చెట్టు చచ్చును.

అన్నింటికంటె నన్ను కలచినది తాబేళ్ళ గతి. మాఘస్నానకాలమే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గుంట త్రవ్వి, నూరుకు అటునిటుగా గ్రుడ్లు పెట్టు కాలము. ఏబది దినములకు పైకి వచ్చు పిల్లలు చక్రపు గాడిలో పడినచో గట్టెక్కలేక, సముద్రము వైపు పోవుటకు మారుగా గాడి వెంటనే ప్రాకి, కాకులకును కుక్కలకును ఆహారమగును. తీరమున వల బాగుచేసికొనుచున్న వృద్ధుడొకడు, “రాత్రిపూట బండ్లు తిరక్కపోతే చాలు బాబూ, తాబేలు పని తాబేలే చూసుకుంటుంది” అనెను.

వృద్ధులకును అశక్తులకును బండి కావలయును, కాదనను. అది పగటివేళ మాత్రమే, ఏర్పరచిన ఒకే దారిని, దిబ్బలను తాకక పోవలయును. తక్కిన వాహనములెల్ల పాలకాయతిప్పలోనే నిలువవలయును. శ్రీకూర్మమున కూర్మనాథునికి మ్రొక్కెడు మనము, గ్రుడ్డు పెట్టవచ్చిన కూర్మమునకు దారి విడువవలదా? కాళ్ళలో సత్తువగలవారికి సంగమము వరకు నడచుటయు స్నానవ్రతములో భాగమే యగుగాక!