అరికాలి మచ్చ సంగతి

హనుమంతునిపాడు

ఒరే వెంకటేశ్వర్లూ,

బ్రిస్బేన్‌లో డాక్టరు ఏడాదికోసారి ఒళ్లంతా వెతికి పుట్టుమచ్చలు చూస్తాడని రాశావు. మనూళ్లో పొగాకు చేలో మాడిపోయే వాళ్లను అలా చూసే వాళ్లెవరురా! మన నల్లతోలు ఎండను కాచుకుంటుంది, నిజమే. మెలనోమా అనే చర్మ కాన్సర్ మనకు అరుదు. వస్తే మాత్రం ఎక్కువగా ఎండ సోకని చోటే వస్తుంది: అరికాలు, అరచెయ్యి, గోరు కింద. పాటగాడు బాబ్ మార్లీ 1981లో, 36 ఏళ్లకే పోయింది కాలి గోటి కింద మొదలైన మెలనోమాతోనే.

నువ్వడిగిన ఆర్ఎన్ఏ గురించి. పిల్లలకు నేను చెప్పే పాఠం డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ, దాన్నుంచి ప్రొటీన్ అనే దగ్గర ఆగిపోతుంది. అసలు మన డీఎన్ఏలో ప్రొటీన్ల కోసం ఉన్నది సుమారు 2 శాతమే. మిగతాదాన్ని చాలాకాలం చెత్త అన్నారు. అక్కణ్ణుంచి పుట్టే ఆర్ఎన్ఏలు కొన్ని ప్రొటీన్ చెయ్యకుండానే జన్యువుల మీద పెత్తనం చేస్తాయి. అలాంటి చిన్న ఆర్ఎన్ఏను 1993లో ఒక మిల్లీమీటరు పురుగులో పట్టుకున్నందుకే ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

మెలనోమాలో ఈ పెత్తనం రెండు వైపులా నడుస్తుంది. మిర్-211 అనే చిన్న ఆర్ఎన్ఏ కాన్సర్ కణాలు చుట్టుపక్కలకు చొరబడకుండా ఆపుతుంది. రోగం ముదిరేకొద్దీ అది తగ్గిపోతుంది. శాంసన్ అనే పొడవాటి ఆర్ఎన్ఏ దానికి ఎదురు. 2016లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు వెతికితే నూటికి 90కి పైగా మెలనోమాల్లో కనిపించింది, మామూలు రంగు కణాల్లో లేదు. కాన్సర్ కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు ఆగకుండా చూసేది ఇదే. దీన్ని అడ్డుకుంటే ఆ కణం చస్తుంది. మంచి కణాల జోలికి పోని మందుకు ఇంతకంటే మంచి గురి ఏముంటుంది? కానీ ఎలుకల దాకా వచ్చిన ఈ పని ఇంకా ఆసుపత్రి మందు కాలేదు. ఇవాళ్టికి, ముందుగా కనిపెట్టి కోయించడమే అన్నిటికన్నా మంచి దారి.

ఇంత రాసింది మీ అమ్మ కోసం. ఆమె మడమ మీద నల్లమచ్చ ఉంది. సర్కారు తుమ్మ ముల్లు విరిగిందంటుంది. ముల్లే కావచ్చు. కానీ ఉగాదికి చూసినదానికన్నా పెద్దదైంది, అంచులు వంకరగా పాకాయి. కనిగిరి పోదాం పెద్దమ్మా అంటే వినదు, పైగా నీకు చెప్పొద్దంది. నువ్వు ఫోన్ చేసి గట్టిగా చెప్పు. ఒంగోలు పెద్దాసుపత్రికి నేనే తీసుకుపోతా. ముక్క తీసి పరీక్ష చేయించాల్సిందే. ఈ వారంలోనే చెప్పరా.

నీ
సుబ్బారావు